చార్ల్‌స్టన్‌లో ఒక్క రోజు: ముందు పడవ, తర్వాత సమాధులు

శనివారం ఒక్క రోజులో అమ్మానాన్నలకు సౌత్ కరోలినా రాష్ట్రంలోని చార్ల్‌స్టన్‌లో అమెరికా అంతర్యుద్ధపు (ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య యుద్ధం) చోట్లు ఎలా చూపించాలని అడిగారు కదండీ. ముందు సమ్టర్ కోట పడవ టికెట్ తీసుకోండి, మిగతాది దాన్ని బట్టి సర్దుకోవచ్చు. 1861 ఏప్రిల్ 12న ఆ యుద్ధపు తొలి గుండ్లు పడింది ఈ కోట మీదే. చుట్టూ నీళ్లు, కారు వెళ్లదు. పోనూ రానూ, కోటలో గంటతో కలిపి రెండుంబావు గంటలు. పొరబాటు జరిగేది రేవు దగ్గర: లిబర్టీ స్క్వేర్ ఊళ్లో ఉంది, పేట్రియట్స్ పాయింట్ నది అవతల. టికెట్ మీద ఏది ఉందో చూసుకోండి. నీడ తక్కువ కాబట్టి తొలి పడవే మేలు. ఇటుక గోడల్లో దిగబడిపోయిన గుండ్లు ఇప్పటికీ కనిపిస్తాయి, తప్పక చూపించండి.

మధ్యాహ్నం నార్త్ చార్ల్‌స్టన్‌లో, ఆ యుద్ధంలో దక్షిణాది పక్షం వాడిన హన్లీ జలాంతర్గామి. సందర్శన వారాంతాల్లోనే, మీకు శనివారం కలిసొచ్చింది. తిరిగొచ్చేటప్పుడు మాగ్నోలియా శ్మశానం. హన్లీ మూడుసార్లు మునిగినప్పుడు అందులో చనిపోయిన 21 మందీ అక్కడే పక్కపక్కన ఉన్నారు. చివరి ఎనిమిది మందిని 2004లో పూడ్చారు. సాయంత్రం గేటు మూసేస్తారు, ఆలస్యం చేయకండి.

ఉత్తరాది సైన్యంలోని నల్లజాతి సైనికులు 1863లో ప్రాణాలొడ్డిన వాగ్నర్ కోటను మాత్రం వెతకొద్దు, సముద్రం మింగేసింది. ఫాలీ ద్వీపంలో 1987లో బయటపడిన 19 మంది నల్లజాతి సైనికుల అస్థికలు బ్యూఫర్ట్ జాతీయ శ్మశానంలో ఉన్నాయి. అది వేరే ఊరు కాబట్టి దానికి ఇంకో రోజు కేటాయించండి.