చెక్క ఓడ 150 ఏళ్లు నీళ్లలో ఉన్నా పుచ్చిపోదా?

“మునిగిపోయిన చెక్క ఓడ వందేళ్లు దాటినా చెక్కుచెదరకుండా ఉంటుందంటారు, నిజమేనా, టూరిస్టుల కోసం అల్లిన కథా?” అని అడిగారు. నిజమే. నేను కళ్లారా చూశాను. అదీ మా నాన్న పక్కన కూర్చుని. తాళ్లరేవులో బతుకంతా పడవలు కట్టిన వడ్రంగి ఆయన, ఈ విషయంలో పుస్తకాల కంటే ఆయన మాటే నాకు ఎక్కువ.

నాన్న అమెరికా వచ్చినప్పుడు మిషిగన్‌లో లేక్ సుపీరియర్ ఒడ్డున ఉన్న మ్యునిసింగ్ తీసుకెళ్లాను. మనవాళ్లు అక్కడికి రంగుల కొండలు చూడ్డానికే వెళ్తారు, నాలుగు ఫొటోలు స్టేటస్‌లో పెట్టి వెనక్కి తిరుగుతారు. అడుగున అద్దాలున్న బోటులో మునిగిన ఓడలు చూపిస్తారంటే మాతో వచ్చిన ఫ్రెండు “విరిగిన చెక్కలకి టికెట్టా!” అని ఒడ్డునే ఉండిపోయాడు. వాడి ఖర్మ.

గ్రాండ్ ఐలండ్ పక్కన, మర్రే బే అనే చోట బోటు ఇంజను ఆపారు. కింద బెర్ముడా. 1860లో కట్టిన తెరచాప ఓడ. 1855లో సూ లాక్స్, అంటే ఓడల్ని మెట్లు దించినట్టు కిందికి దించే కాలువ గేట్లు, తెరిచాక ఈ సరస్సు నుంచి ఇనుప ఖనిజం దీనికంటే పల్లంలో ఉన్న కింది సరస్సులకు నేరుగా పోవడం మొదలైంది, అలా ఈ ఓడ 488 టన్నులు వేసుకుని బయల్దేరి 1870లో మునిగింది, ముగ్గురు పోయారు. కొన్నేళ్లకు పైకి లేపి లాక్కొస్తుంటే జారి మళ్లీ అడుగుకి పోయింది. డెక్కు 12 అడుగుల లోతులోనే ఉంది. సరుకు దించే కంతలు, పలకల వరస అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి.

నాన్న మోకాళ్ల మీద కూర్చుని అద్దం మీద వేలితో పలకల సందులు వరసగా గీసుకుంటూ పోయారు. “ఒరే, పురుగు ముట్టలేదురా దీన్ని!” అన్నారు. అంతే, ఇక ఆగలేదు, పక్కటెముకలు ఎలా బిగించారో అడగమని నన్ను గైడ్ మీదికి తోశారు. నాకు ఆ పనిముట్ల పేర్లు తెలుగులోనే రావు, ఇంగ్లిష్‌లో ఏం చెప్పను? వెనకాల ఒకావిడ మీ నాన్నగారు అద్దానికి అడ్డమొస్తున్నారని సణుగుడు. ఆవిడ పిల్లలిద్దరూ మాత్రం ఐప్యాడ్‌లో ఉన్నారు.

విషయం ఆ పురుగులోనే ఉంది. పురుగంటాం గానీ అది ఆల్చిప్ప జాతిది, ఉప్పునీళ్లలోనే బతుకుతుంది. మన కాకినాడ వైపు చెక్కని జల్లెడ చేసేది ఇదే. సుపీరియర్ మంచినీటి సరస్సు, పైగా ఏడాదిలో ఎక్కువ కాలం చేతులు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటుంది, కుళ్లు కూడా బాగా నెమ్మది. ఇదే ఓడ కాకినాడ రేవులో మునిగుంటే పదేళ్లు దక్కేది కాదని నాన్న లెక్క, నేను కాదనను. కింది సరస్సుల్లో మునిగిన ఓడల్ని జీబ్రా ఆల్చిప్పలనే చిన్న చారల ఆల్చిప్పలు కప్పేస్తున్నాయి, సుపీరియర్ నీళ్లలో సున్నం తక్కువ కాబట్టి అవి ఇక్కడ పెద్దగా పెరగవు. మనుషులూ తక్కువేం కాదు, డైవింగ్‌కి దిగి మేకులూ కప్పీలూ ఎత్తుకుపోయేవాళ్లు ఉండబట్టే మిషిగన్‌లో దానికి చట్టం పెట్టాల్సొచ్చింది.

తర్వాత హెట్లర్ అనే ఆవిరి ఓడ చూపించారు. 1926 తుఫానులో రాళ్లకి కొట్టుకుంది, దాంట్లో సరుకు ఉప్పు. “ఇంకేం మిగుల్తుంది!” అని నాన్న పగలబడి నవ్వారు.

తాళ్లరేవు వెళ్లి అందరికీ చెబితే ఒక్కరూ నమ్మలేదట, ఫొటో పంపమన్నారు. నేను తీసిన పదిహేను ఫొటోల్లోనూ అద్దంలో పడిన నా మొహమే ఉంది.