లేబర్ రూమ్ సందేహాలు: బ్యాగ్ నొక్కుతున్నా ఛాతీ లేవకపోతే?

కాన్పులు చేసే స్టాఫ్ నర్సులు, ఏఎన్‌ఎంలు, 108 సిబ్బంది పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. మోతాదుల విషయంలో మీ ఆస్పత్రి పద్ధతికీ ఇక్కడ రాసినదానికీ తేడా కనిపిస్తే మీ మెడికల్ ఆఫీసర్‌ను అడిగి ముందే తేల్చుకోండి. బిడ్డ చేతిలో ఉన్నప్పుడు తేల్చుకునే విషయం కాదు అది.

ప్రశ్న: నవజాత శిశు సురక్షా కార్యక్రమం కింద రెండు రోజుల శిక్షణ తీసుకున్నాను. సాధన కోసం ఇచ్చే శిశువు బొమ్మ మీద బాగానే వచ్చింది. కొన్ని నెలల తర్వాత ఏడవని బిడ్డ పుడితే బ్యాగ్-మాస్క్ (ముఖానికి మాస్క్ ఆనించి, చేత్తో నొక్కి ఊపిరితిత్తుల్లోకి గాలి పంపే సంచి) పెట్టి ఎంత నొక్కినా ఛాతీ లేవలేదు. డాక్టర్ గారు వచ్చి మాస్క్ సర్దగానే లేచింది. నేనెక్కడ తప్పాను?
– స్టాఫ్ నర్స్, పాడేరు ఏజెన్సీ

ఛాతీ లేవలేదంటే గాలి లోపలికి పోలేదనే. అప్పటిదాకా నొక్కిన నొక్కులేవీ లెక్కలోకి రావు. మాస్క్ సర్దగానే లేచిందంటే గాలి చెంపల పక్కనుంచి బయటికి పోయి ఉంటుంది.

మాస్క్‌ను ముందు గడ్డం కొన మీద ఆనించి, అక్కణ్నుంచి నోరు, ముక్కు మీదికి దించాలి. కళ్ల మీదికి పాకకూడదు. నెలలు నిండిన బిడ్డకు 1 నంబరు, నిండని బిడ్డకు 0 నంబరు మాస్క్. బొటనవేలు, చూపుడువేలు మాస్క్ మీద గుండ్రంగా పట్టాలి. మిగతా మూడు వేళ్లను దవడ ఎముకకు ఆనించి, దవడనే మాస్క్‌లోకి ఎత్తాలి. ఎక్కువమంది చేసేది దీనికి తలకిందులు: మాస్క్‌ను ముఖానికేసి అదుముతారు. దాంతో గడ్డం ఛాతీ వైపు వంగి శ్వాసమార్గం మూసుకుంటుంది. వేళ్లు ఎముక మీద కాకుండా దవడ కింది మెత్తని చోట దిగబడితే నాలుక వెనక్కి పోయి అడ్డం పడుతుంది. మెడను మరీ వెనక్కి విరిచినా అంతే. భుజాల కింద అంగుళానికి మించని గుడ్డ మడత పెడితే చాలు. అది తల కింద పెట్టేది కాదు.

ఛాతీ లేవనప్పుడు వరుస ఇదీ: మాస్క్ తీసి మళ్లీ పెట్టండి, మెడ సర్దండి, స్రావాలుంటే నోట్లోవి, ఆ తర్వాత ముక్కులోవి తీయండి, నోరు కాస్త తెరిచి ఉంచండి. ఇవన్నీ అయ్యాకే ఇంకొంచెం గట్టిగా నొక్కండి. నోరు ముందెందుకంటే, ముక్కులో గొట్టం తగలగానే బిడ్డ గబుక్కున గాలి పీలుస్తుంది. అప్పుడు నోట్లో ఉన్నదంతా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇక బ్యాగ్ సంగతి. కడిగి ఆరబెట్టాక లోపలి చిన్న రబ్బరు వాల్వు పెట్టకుండానే బిగించేసిన బ్యాగులు చాలాచోట్ల ఉంటాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ గాలి పోదు. అందుకే ప్రతి కాన్పుకు ముందు మాస్క్‌ను అరచేతితో గట్టిగా మూసి బ్యాగ్ నొక్కి చూడండి. చేతికి ఒత్తిడి తగలాలి, పైనున్న వాల్వు తెరుచుకుని గాలి వదలాలి, వదిలేయగానే బ్యాగ్ మళ్లీ నిండాలి. మూడింట్లో ఏది లేకపోయినా ఆ బ్యాగ్ పక్కన పెట్టేయండి.

తుడవడం, తడిగుడ్డ తీసేయడం, మెడ సర్దడం, వీపు నిమరడమో అరికాలు తట్టడమో చేయడం – వీటితో నిమిషం దాటకూడదు, ఆ లోపే బ్యాగ్‌తో మొదటి గాలి అందాలి. కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయడం, చన్నీళ్లు చల్లడం ఇప్పటికీ చూస్తున్నాం. అవి ఆ నిమిషాన్ని మింగేస్తాయి. నెలలు నిండిన బిడ్డకు గదిలోని గాలితోనే మొదలుపెట్టాలి. సిలిండర్ కోసం ఆగొద్దు. ‘నొక్కు, రెండు, మూడు’ అని పైకే అనుకుంటూ చేస్తే నిమిషానికి 40 నుంచి 60 సార్లు పడుతుంది. ఛాతీ లేస్తూ 30 సెకన్లు అయ్యాక శ్వాస, గుండె చూడండి. గుండె నిమిషానికి 60 లోపే కొట్టుకుంటూ, రెండో మనిషి ఉంటే, 3 ఛాతీ నొక్కులకు 1 గాలి చొప్పున చేయాలి.

బొమ్మ మీద వచ్చింది బిడ్డ మీద రాకపోవడం మీ ఒక్కరి లోపం కాదు. టాంజానియాలోని హేడమ్ ఆస్పత్రిలో ఒక్కరోజు శిక్షణ ఇచ్చి చూస్తే బొమ్మ మీద పని మెరుగుపడింది, లేబర్ రూమ్‌లో మాత్రం మారలేదు. అక్కడే తర్వాత వారం వారం కొన్ని నిమిషాల సాధన పెట్టాక మొదటి 24 గంటల్లో శిశు మరణాలు తగ్గాయి. సర్టిఫికెట్ తెచ్చుకుని బీరువాలో పెట్టే రెండు రోజుల తరగతి మీద మాకు పెద్ద నమ్మకం లేదు.

ప్రశ్న: ఘాట్ రోడ్డులో ఉండగా తల కనిపిస్తే బండి ఆపాలా, పోనివ్వాలా?
– 108 ఈఎంటీ (అంబులెన్సులో చికిత్స చేసే సిబ్బంది), ఆదిలాబాద్ జిల్లా

నొప్పి నొప్పికీ తల కనిపిస్తూ, నొప్పి తగ్గినా వెనక్కి పోకపోతే పైలట్‌ను (బండి నడిపే మనిషిని) పక్కకు ఆపమనండి. కదిలే బండిలో కాన్పు చేస్తే తల్లి కింద చిరుగు పడుతుంది, బ్లేడు మీ చేతిలో దిగుతుంది. ఏసీ, ఫ్యాన్ ఆపించండి. రెండు పొడిగుడ్డలు, క్లిప్పులు, బ్లేడు, బ్యాగ్-మాస్క్ పరిచి పెట్టుకోండి.

తలను లాగొద్దు. ఒక్కసారిగా బయటికి రాకుండా అరచేయి అడ్డం పెడితే చాలు. తల రాగానే మెడ చుట్టూ వేలు తిప్పి చూడండి. బొడ్డుతాడు వదులుగా ఉంటే తల మీదుగా తీసేయండి. తల వచ్చి, తర్వాతి నొప్పికి కూడా భుజం రాకపోతే తల్లి తొడలు రెండూ పొట్టకు ఆనేలా మడిచి పట్టించండి. రెండో మనిషి జఘనాస్థికి (పొత్తికడుపు అడుగున ముందువైపు ఉండే ఎముకకు) సరిగ్గా పైన అరచేతితో కిందికి నొక్కాలి. పొట్ట పైభాగం మీద మాత్రం ఎవరూ నొక్కకూడదు. అలా నొక్కితే భుజం ఇంకా బిగుస్తుంది, గర్భసంచి చిరగనూవచ్చు.

ఏడ్చిన బిడ్డను తుడిచి, తల్లి ఛాతీ మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి, తలకు టోపీ పెట్టి, ఇద్దరి మీదా కలిపి దుప్పటి కప్పండి. 1 నుంచి 3 నిమిషాలు ఆగి, పొట్టకు 2 సెంటీమీటర్ల దూరంలో ఒకటి, 5 సెంటీమీటర్ల దూరంలో ఒకటి బిగించి మధ్యలో కోయండి. ఏడవని బిడ్డకు ఈ ఆగడం లేదు, వెంటనే కోసి బ్యాగ్ దగ్గరికి తేవాలి.

ఆపకూడని సందర్భాలూ ఉన్నాయి: చేయి ముందు రావడం, బొడ్డుతాడు జారి బయటపడటం. తాడు జారితే తల్లిని పక్కకు తిప్పి తుంటి కింద ఎత్తు పెట్టి, గ్లవ్ వేసిన వేళ్లతో తలను పైకి నెట్టి పట్టుకోండి. తాడును ముట్టుకుంటూ ఉండొద్దు. ఆపరేషన్ థియేటర్ సిద్ధం చేయమని దారిలోంచే ఫోన్ చేయించండి.

ప్రశ్న: రక్తం ఎంత పోతే ఎక్కువ? చూసి చెప్పడం కుదరడం లేదు.
– ఏఎన్‌ఎం, నల్గొండ జిల్లా

కంటితో ఎవరికీ కుదరదు. అందరూ తక్కువే చెబుతారు. 500 మి.లీ. దాటితే అధిక రక్తస్రావం. రక్తహీనత ఉన్న తల్లికి అంతకన్నా తక్కువకే ప్రాణం మీదికి వస్తుంది. గీతలున్న ప్లాస్టిక్ సంచి తల్లి కింద పరిస్తే అంకె కనిపిస్తుంది. ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లో ఈ సంచితో కొలిచి, రక్తస్రావం తేలగానే చికిత్సలన్నీ ఒకేసారి మొదలుపెట్టిన చోట తీవ్ర ప్రమాదాలు 60 శాతం తగ్గాయని 2023లో తేలింది.

అసలు అంతదాకా రానివ్వకుండా చేసేది బిడ్డ పుట్టిన నిమిషం లోపు ఇచ్చే ఆక్సిటోసిన్ (గర్భసంచి గట్టిగా ముడుచుకునేలా చేసే మందు) 10 యూనిట్లు, కండకు. మన దగ్గర ఆంపుల్‌కు సాధారణంగా 5 యూనిట్లే ఉంటాయి కాబట్టి రెండు పగలగొట్టాలి. ఒక్కటి ఇచ్చి ఇచ్చేశామనుకోవడం మామూలు పొరపాటు. పొట్ట తడిమి రెండో బిడ్డ లేదని చూసుకున్నాకే ఇవ్వాలి. ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో పొద్దుటి నుంచి ట్రేలో పడున్న ఆంపుల్ ఇచ్చి ‘మందు పనిచేయలేదు’ అంటే ఎలా? ఫ్రిజ్ లేనిచోట మిసోప్రోస్టాల్ 600 మైక్రోగ్రాములు నోటి ద్వారా ఇవ్వవచ్చు.

రక్తం ఆగకపోతే: సాయానికి కేకేయండి, గర్భసంచి గట్టిపడేదాకా మర్దించండి, మూత్రం తీయండి, సెలైన్‌లో 20 యూనిట్ల ఆక్సిటోసిన్ కలిపి ఎక్కించండి. కలపకుండా నరానికి ఒక్కసారిగా ఎక్కిస్తే బీపీ పడిపోతుంది. డాక్టర్ సలహాతో, రక్తస్రావం తగ్గించే ట్రనెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము 10 నిమిషాల్లో నెమ్మదిగా ఇవ్వాలి. కాన్పయిన 3 గంటల లోపే దీనికి ప్రయోజనం. మాయ పూర్తిగా వచ్చిందా, చిరుగులున్నాయా చూడటం మరవొద్దు.

ఇంకో మాట. ‘నొప్పులు రావడానికి’ అని కాన్పుకు ముందే ఆక్సిటోసిన్‌ను కండకు ఇచ్చేవాళ్లు ఊళ్లలో ఇంకా ఉన్నారు. గర్భసంచి పగలడానికి అది నేరుగా దారి. తల్లి మీ దగ్గరికి రాగానే దారిలో ఎవరైనా సూది వేశారా అని అడగండి.

ప్రశ్న: ఫిట్స్ వచ్చిన గర్భిణిని పెద్దాస్పత్రికి పంపేముందు, ఫిట్స్ ఆపే మెగ్నీషియం సల్ఫేట్ 10 గ్రాములు ఇమ్మంటారు. అన్ని ఆంపుల్స్ చూస్తే చెయ్యాడదు.
– స్టాఫ్ నర్స్, కర్నూలు జిల్లా

లెక్క ఒకసారి గోడ మీద రాసి పెట్టుకోండి. 50 శాతం ఆంపుల్ 2 మి.లీ.లో 1 గ్రాము. ఒక్కో పిరుదుకు 5 ఆంపుల్స్, అంటే 10 మి.లీ. మొత్తం పది. పిరుదు పై-బయటి భాగంలో లోతుగా, నెమ్మదిగా. మనిషిని ఎడమ పక్కకు తిప్పండి, నోట్లో చెంచా పెట్టొద్దు. శ్వాస నిమిషానికి 16 లోపు పడిపోతే, మోకాలి కుదుపు పోతే తర్వాతి మోతాదు ఆపాలి. శ్వాస ఆగిపోతే 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ. నరానికి మెల్లగా ఇవ్వాలి. ఇచ్చిన టైము, మోతాదు రెఫరల్ చీటీలో రాయండి, లేకపోతే అక్కడ మొదటి మోతాదు మళ్లీ పడుతుంది.

ప్రశ్న: బొడ్డుకు పసుపు, నూనె రాస్తామంటే ఏం చెప్పాలి? స్నానం ఎప్పుడు?
– ఆశా కార్యకర్త, ఖమ్మం జిల్లా

బొడ్డుకు ఏమీ రాయొద్దు, పొడిగా వదిలేయాలి. స్నానం కనీసం 24 గంటల తర్వాతే, బరువు తక్కువ బిడ్డకు ఇంకా ఆగి. ఆస్పత్రిలో విటమిన్ కె 1 మి.గ్రా. తొడకు వేశారో లేదో కార్డులో చూడండి.

ప్రశ్న: మా దగ్గర బొమ్మ లేదు. డ్రిల్ ఎలా పెట్టాలి?
– నర్సింగ్ ట్యూటర్, విజయనగరం

ఉంటే మంచిదే, లేకపోయినా ఆగిపోవక్కర్లేదు. మాస్క్ పట్టు మాత్రం బొమ్మ లేనిదే రాదు, నెలకోసారైనా జిల్లా స్కిల్ ల్యాబ్ నుంచి అడిగి తెప్పించండి. రక్తస్రావం డ్రిల్‌కు అరలీటరు కుంకుమ నీళ్లు చాలు. గుడ్డల మీద, బల్ల మీద, కింద ఒలకబోసి ఎంత పోయిందో ఒక్కొక్కరినీ విడిగా చీటీ మీద రాయమనండి. అందరి అంకెలూ చదివాక కొలిచిన అంకె చెప్పండి.

డ్రిల్ తరగతి గదిలో వద్దు, లేబర్ రూమ్‌లోనే, చెప్పకుండా పెట్టండి. గడియారం పట్టుకుని ఒకరు పక్కన నిలబడి సమయాలు రాయాలి: ఎవరు కేకేశారు, ఆక్సిటోసిన్ చేతికి ఎన్నో నిమిషంలో వచ్చింది, ఫ్రిజ్ తాళం ఎవరి దగ్గరుంది. తాళాలు, ఖాళీ ట్రేలు, సైజు దొరకని గ్లవ్స్ అప్పుడే బయటపడతాయి. ‘ఆక్సిటోసిన్ 10 ఇవ్వు’ అంటే ‘ఆక్సిటోసిన్ 10 ఇచ్చాను’ అని తిరిగి చెప్పడం అలవాటు చేయండి. అయ్యాక 10 నిమిషాలు మాట్లాడుకుని, లేని వస్తువుల జాబితా అదేరోజు స్టోర్‌కు పంపండి. వారం తర్వాత అదే డ్రిల్ రాత్రి డ్యూటీలో, ఇద్దరే ఉన్నప్పుడు పెట్టండి.