యానిమల్ సైన్స్ చదివితే అమెరికాలో పశువుల డాక్టర్ అవ్వచ్చా?

బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) పూర్తిచేసి ఇక్కడికి రావాలనుకునే పిల్లలు నన్ను ముందుగా అడిగేది ఇదే. అవ్వలేరు. యానిమల్ సైన్స్‌లో ఎంఎస్ చేసినా పీహెచ్‌డీ చేసినా మేత, పునరుత్పత్తి, జన్యువులు, పాలు, మాంసం మీద పరిశోధన నేర్చుకుంటారు. పశువుకి వైద్యం చేసే లైసెన్స్ దానితో రాదు. తిరుపతిలోనో గన్నవరంలోనో రాజేంద్రనగర్‌లోనో తీసుకున్న డిగ్రీతో ఇక్కడ ప్రాక్టీస్ పెట్టాలంటే విదేశీ పశువైద్య డిగ్రీలను పరీక్షించే ఈసీఎఫ్‌వీజీ గానీ పేవ్ గానీ పూర్తిచేసి, ఇక్కడి పశువైద్య లైసెన్స్ పరీక్ష నావ్లే పాసై, ఆ రాష్ట్రం లైసెన్స్ తెచ్చుకోవాలి. డబ్బూ కాలమూ బాగానే పడతాయి. పరిశోధన, వైద్యం రెండూ మంచి దారులే. ఏది మీకు కావాలో ఇంట్లో కూర్చున్నప్పుడే తేల్చుకోండి.

పరిశోధనే కావాలనుకుంటే ప్రభుత్వ యూనివర్సిటీలను మించినవి లేవు. 1862లో లింకన్ సంతకం చేసిన మోరిల్ చట్టం కింద, వ్యవసాయ చదువుల కోసం రాష్ట్రాలకు భూములిచ్చారు. అలా పుట్టినవాటిని ల్యాండ్ గ్రాంట్ యూనివర్సిటీలంటారు. వీటికి సొంత పశువులు, సొంత పొలాలు ఉంటాయి, చాలాచోట్ల దాణా మిల్లు కూడా. ర్యాంకు చూసి ఎంచుకోకండి. పాడి అయితే విస్కాన్సిన్, పందులైతే అయోవా స్టేట్, కోళ్ళైతే ఆబర్న్, జార్జియా, ఆర్కన్సా, మాంసపు పశువులైతే కాన్సాస్ స్టేట్, నెబ్రాస్కా. ఆ రాష్ట్రపు రైతుకి ఏది బతుకుతెరువో అక్కడి డిపార్ట్‌మెంట్ దాంట్లో బలంగా ఉంటుంది.

అంతకన్నా ముఖ్యం ప్రొఫెసర్. ఇక్కడ సీటు, డబ్బు రెండూ చాలావరకు ఆయన చేతిలోనే ఉంటాయి. ఆయన ప్రాజెక్టులో నిధులుంటే మీకు అసిస్టెంట్‌షిప్ వస్తుంది: మామూలుగా వారానికి 20 గంటల పని, నెలనెలా స్టైపెండ్, ట్యూషన్ పూర్తిగానో చాలావరకో మాఫీ. అది లేకుండా, బ్యాంకు అప్పుతో ఈ చదువుకి రావద్దని గట్టిగా చెబుతాను. వందమందికి ఒకే మెయిల్ పంపితే ఎవరూ జవాబివ్వరు. ఆయన ఈమధ్య రాసిన పేపర్ ఒకటి చదివి, మీ పనికి దానితో ఉన్న సంబంధం నాలుగు వాక్యాల్లో రాయండి. యూరియాతో శుద్ధిచేసిన వరిగడ్డి గేదెలకి పెట్టి చూశారా? అదే రాయండి. కాన్సాస్ పచ్చిక బయళ్ళలో చలికాలం ఎండుగడ్డి తినే ఆవులకి ప్రొటీన్ ఎలా అందించాలన్నది ఇక్కడ ఏళ్ళ తరబడి పరిశోధించిన విషయం. ఎండుమేతతో పశువుని పోషించే మన ఊరి సమస్య వాళ్ళకి కొత్తేమీ కాదు.

పని ఎలా ఉంటుందో కూడా తెలియాలి. మేత మీద పనిచేసే ల్యాబుల్లో కొన్ని ఆవులకి ఎడమ డొక్కలో రంధ్రం చేసి రబ్బరు మూత అమర్చి ఉంటుంది. భుజం దాకా గ్లోవ్ వేసుకుని, మూత తీసి, మొదటి పొట్టలోకి చెయ్యి పెట్టి నమూనా తియ్యాలి. లోపల వెచ్చగా ఉంటుంది, సైలేజీ (పాతరేసి పులియబెట్టిన పచ్చిమేత) పులుపు వాసన బట్టలకి పడుతుంది, ఆవు మాత్రం నెమరేస్తూ నిలబడే ఉంటుంది. ఆ నమూనాలు కొన్ని గంటలకోసారి, రాత్రిళ్ళు కూడా తియ్యాలి. ఫారం ఊరికి దూరం, బస్సు ఉండదు. అందుకే డ్రైవింగ్ ఇండియాలోనే బాగా నేర్చుకుని రండి.

ఒక్క విషయంలో అశ్రద్ధ చెయ్యొద్దు. గాలికుంటు వ్యాధి అమెరికాలో 1929 తర్వాత లేదు, మన దగ్గర ఉంది. కస్టమ్స్‌లో పశువుల దగ్గరికి వెళ్ళారా అని అడుగుతారు. వెళ్ళి ఉంటే నిజం చెప్పండి. ఫారంలో తొక్కిన బూట్లు తీసుకురాకండి. దిగాక కనీసం ఐదు రోజులు ఇక్కడి పశువుల దగ్గరికి పోవద్దు, కొన్ని ఫారాలు ఇంకా ఎక్కువ అడుగుతాయి. అమ్మ ప్రేమగా కట్టిచ్చే చికెన్ పచ్చడి, గోంగూర మటన్ పెట్టెలో పెట్టకండి. ఆవకాయ చాలు. రోగం ఎలా పాకుతుందో చదువుకున్న మనమే ఆ నియమం తప్పితే ఎలా?

మాంసం ల్యాబు గురించి చాలామంది మొహమాటపడి అడగరు. కొన్ని ప్రాజెక్టుల్లో చివర పశువులని కోసి నమూనాలు తీస్తారు. గొడ్డు మాంసం, పంది మాంసం ముట్టుకోలేనివాళ్ళు చేరకముందే ప్రొఫెసర్‌తో మాట్లాడండి. ప్రొఫెసర్లు తప్పుగా అనుకోరు. మాంసానికి కోడెదూడలని లావు చేసే ప్రాజెక్టు ఒప్పుకుని, రెండో ఏడు వెనక్కి తగ్గితేనే ఇబ్బంది. పాల ఆవులు, గుడ్ల కోళ్ళు, జన్యువుల లెక్కలు, ఇలాంటి పనులూ బోలెడున్నాయి.

ఇక వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం చేతికొచ్చాక అందులో కోర్సు కోడ్ చూసుకోండి. 01.09తో మొదలయ్యే యానిమల్ సైన్స్ కోడ్‌లు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) జాబితాలో ఉన్నాయి కాబట్టి ఏడాది ఓపీటీ (చదువయ్యాక అదే రంగంలో పనిచేసే అనుమతి) తర్వాత ఇప్పటి నిబంధనల ప్రకారం ఇంకో 24 నెలలు అడగొచ్చు. కోడ్ వేరేది కనిపిస్తే విమానం ఎక్కకముందే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి రాసి కనుక్కోండి.