క్రిటిక్స్ అవార్డులు చూసి ఆస్కార్ ఎవరికొస్తుందో చెప్పొచ్చా?

“డిసెంబర్‌లో న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ విమర్శకుల సంఘాలు ఏ సినిమాని ఎన్నుకుంటే ఆస్కార్ కూడా దానికే వస్తుందా? ఈ క్రిటిక్స్ అవార్డులు పట్టుకుని విజేతని ముందే చెప్పేయొచ్చా?” అని కదా మీ ప్రశ్న.

చెప్పలేం. నామినేషన్ల దాకా అయితే కొంత అందుతుంది. విజేత దగ్గరికొచ్చేసరికి ఆ లెక్క హ్యాండిస్తుంది. ఇదే లెక్క నమ్ముకుని నవ్వులపాలైనవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మేం తొమ్మిదిమంది స్నేహితులం. ఏటా ఆస్కార్‌కి ముందు ఎవరి ఊహలు వాళ్లు రాసిస్తాం. డబ్బు పందెం లేదు. అందరికంటే తక్కువ మార్కులొచ్చినవాడు వచ్చే ఏడాది షీట్ తయారుచేయాలి. నామినేషన్లన్నీ ఎక్కించడం, అందరి వెంటా పడి ఊహలు రాబట్టడం, ఫంక్షన్ జరుగుతుండగా మార్కులు వేయడం, తర్వాత వచ్చే తగాదాలు తీర్చడం కూడా వాడి పనే. ఈ చాకిరీ ఎవడూ ఇష్టపడి చేయడు.

2010 సీజన్‌లో (అంటే ఆ ఏడాది సినిమాలు, ఆస్కార్ ఫంక్షన్ మరుసటి ఏడాది మొదట్లో) ‘ది సోషల్ నెట్‌వర్క్’ క్రిటిక్స్ ప్రైజులన్నీ ఊడ్చేసింది. న్యూయార్క్ విమర్శకుల సర్కిల్, లాస్ ఏంజెలెస్ విమర్శకుల అసోసియేషన్, దేశవ్యాప్త విమర్శకుల సంఘం నేషనల్ సొసైటీ, నేషనల్ బోర్డ్ ఆఫ్ రివ్యూ, క్రిటిక్స్ చాయిస్, పైగా గోల్డెన్ గ్లోబ్. ఇంకా ఆలోచించడానికి ఏముందని ఉత్తమ చిత్రం గడిలో దాని పేరు రాసి, దర్శకుడి గడిలో డేవిడ్ ఫించర్ పేరు రాసి నిశ్చింతగా కూర్చున్నాను. జనవరి చివర్లో నిర్మాతల గిల్డ్, అంటే వాళ్ల వృత్తి సంఘం, తన ప్రైజ్‌ని ‘ది కింగ్స్ స్పీచ్’కి ఇచ్చింది. వారానికి దర్శకుల గిల్డ్ టామ్ హూపర్‌కి ఇచ్చింది. ఆ మర్నాడే నటుల గిల్డ్ కూడా ఆ సినిమాకే. మాలో ఒకడు ఫోన్ చేసి “మార్చుకోరా, ఇంకా టైముంది” అన్నాడు. ఇంతమంది విమర్శకులు చూసి చెప్పింది తప్పవుతుందా అని నేనే వాడికి క్లాసు పీకాను. చిత్రం, దర్శకుడు రెండూ ‘ది కింగ్స్ స్పీచ్’కే వెళ్లాయి. మరుసటి ఏడాది షీట్ నా నెత్తిన పడింది.

సరే, ఎలాగూ షీట్ నాదే కదా అని పక్కన ఇంకో నాలుగు గడులు గీసి ఏ సంఘం ఎంపిక ఆస్కార్‌తో ఎన్నిసార్లు కలిసిందో రాయడం మొదలుపెట్టాను. అది ఇప్పటికీ నడుస్తోంది. 2009 నుంచి మొదలుపెట్టడానికి ఒక కారణముంది, కిందకొచ్చాక చెబుతాను. 2024 దాకా 16 సీజన్లు. ఉత్తమ చిత్రం ఒక్కటే తీసుకుంటే న్యూయార్క్ విమర్శకుల ఎంపిక ఆస్కార్‌తో కలిసింది 2 సార్లు మాత్రమే: ‘ది హర్ట్ లాకర్’, ‘ది ఆర్టిస్ట్’. 2012 నుంచి వరసగా 13 ఏళ్లు ఒక్కసారీ కలవలేదు. నేషనల్ సొసైటీది 5 సార్లు. లాస్ ఏంజెలెస్ వాళ్లది 6, అదీ 2022లో రెండు సినిమాలకి పంచి ఇచ్చిన ప్రైజ్‌ని కలుపుకుంటే. క్రిటిక్స్ చాయిస్ 10. నిర్మాతల గిల్డ్ 13. 2013లో వాళ్లు కూడా ఇద్దరికి పంచారు, దాన్నీ కలిపాను.

మూడు పెద్ద సంఘాలూ, అంటే న్యూయార్క్, లాస్ ఏంజెలెస్, నేషనల్ సొసైటీ, ఒకే సినిమా మీద నిలబడితేనో? లాస్ ఏంజెలెస్ సంఘం 1975లో మొదలైంది. అప్పట్నుంచి 2024 సీజన్ దాకా అలా జరిగింది 7 సార్లు, 2022లో లాస్ ఏంజెలెస్ వాళ్లు పంచి ఇచ్చినదాన్నీ కలుపుకుంటే: ‘గుడ్‌ఫెల్లాస్’, ‘షిండ్లర్స్ లిస్ట్’, ‘ఎల్.ఎ. కాన్ఫిడెన్షియల్’, ‘ది హర్ట్ లాకర్’, ‘ది సోషల్ నెట్‌వర్క్’, ‘డ్రైవ్ మై కార్’, ‘టార్’. వీటిలో ఆస్కార్ ఉత్తమ చిత్రం అయినవి రెండే, ‘షిండ్లర్స్ లిస్ట్’, ‘ది హర్ట్ లాకర్’. ‘ఎల్.ఎ. కాన్ఫిడెన్షియల్’కి ఎదురుగా ‘టైటానిక్’ ఉంది, అది 11 ఆస్కార్లు పట్టుకుపోయింది.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. విమర్శకులకి ఆస్కార్‌లో ఓటు లేదు. ఓటేసేది నటులు, నిర్మాతలు, దర్శకులు, ఎడిటర్లు, కెమెరామన్లు, సౌండ్ వాళ్లు, ఇలా సినిమా తీసేవాళ్లు. ఆస్కార్లిచ్చే అకాడమీలో ఇప్పుడు ఓటర్లు దాదాపు 10,000 మంది. వాళ్లలో చాలామంది ఏదో ఒక గిల్డ్‌లో సభ్యులు. కాబట్టి గిల్డ్ ఫలితమంటే అసలు ఓటర్లలో కొందరు ముందే ఓటేసి చూపించినట్టు. విమర్శకుల ఫలితమంటే పక్కింటివాళ్ల అభిప్రాయం. అది మంచి అభిప్రాయమే కావచ్చు, చాలాసార్లు ఆస్కార్ కంటే మెరుగైనది కూడా. కానీ ఓటు మాత్రం ఆ ఇంట్లో లేదు.

పైగా న్యూయార్క్ సర్కిల్ 1935లో పుట్టిందే హాలీవుడ్ ఎంపికలకి భిన్నంగా తమ మాట చెప్పుకోవాలని. అలాంటివాళ్లు అకాడమీతో కలవలేదని మనం ఆశ్చర్యపోవడమే వింత.

రెండో సంగతి ఓటేసే పద్ధతి. నేను 2009 నుంచి లెక్కపెట్టడానికి కారణం ఇదే. ఆ ఏడాది అకాడమీ ఉత్తమ చిత్రం నామినేషన్లని 5 నుంచి 10కి పెంచి, తుది ఓటుకి ర్యాంకుల పద్ధతి తెచ్చింది. ఓటరు ఒక్క పేరు మీద టిక్ పెట్టడు, సినిమాలకి 1, 2, 3 అని వరస రాస్తాడు. మొదటి ర్యాంకుల్లో ఎవరికీ సగానికి మించి రాకపోతే అట్టడుగు సినిమాని తీసేసి, దాని బ్యాలెట్లని వాటిలో రెండో ర్యాంకు రాసిన సినిమాలకి మళ్లిస్తారు. సగం దాటేదాకా ఇదే తంతు. నిర్మాతల గిల్డ్ కూడా అదే పద్ధతిలోకి మారింది. వాళ్లు ఎక్కువగా కలవడానికి ఇదొక ముఖ్య కారణం అని నా నమ్మకం.

ఇది చదివితే బుర్రకెక్కదు, చేసి చూస్తే ఎక్కుతుంది. 2019లో ఫంక్షన్‌కి వారం ముందు మా తొమ్మిదిమందీ చీటీలు వేశాం. గందరగోళం లేకుండా మూడు సినిమాలే పెట్టుకున్నాం. మొదటి ర్యాంకుల్లో ‘రోమా’కి 4, ‘గ్రీన్ బుక్’కి 3, ‘ఎ స్టార్ ఈజ్ బార్న్’కి 2 వచ్చాయి. ‘రోమా’ గెలిచిందని ఒకడు లేచి నిలబడ్డాడు కూడా. అయితే గెలవాలంటే 5 కావాలి. మూడో సినిమాని తీసేసి ఆ రెండు చీటీలూ విప్పి చూస్తే రెండింట్లోనూ రెండో ర్యాంకు ‘గ్రీన్ బుక్’. 3కి 2 కలిపితే 5, అయిపోయింది. ‘రోమా’ని ప్రాణం పెట్టి ప్రేమించినవాళ్లు నలుగురున్నారు, కానీ మిగతావాళ్ల చీటీల్లో అది చివర ఉంది. వారం తర్వాత అసలు ఫంక్షన్‌లోనూ ‘గ్రీన్ బుక్’కే వచ్చింది. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్, క్రిటిక్స్ చాయిస్, దర్శకుల గిల్డ్, బ్రిటన్ వాళ్ల బాఫ్టా అన్నీ ‘రోమా’ వైపు ఉన్న ఏడాది అది. నిర్మాతల గిల్డ్ మాత్రం ‘గ్రీన్ బుక్’ అంది.

విమర్శకుల పద్ధతి దీనికి పూర్తిగా వేరు. నేషనల్ సొసైటీలో ఒక్కొక్కరు మూడు పేర్లు రాసి 3, 2, 1 పాయింట్లు ఇస్తారు. అక్కడ కొద్దిమంది పిచ్చిగా ఇష్టపడితే చాలు. 2014 సినిమాలకి అలాగే ఫ్రెంచ్ దర్శకుడు గొడార్ తీసిన ‘గుడ్‌బై టు లాంగ్వేజ్’ ఒకే ఒక్క పాయింటు తేడాతో ‘బాయ్‌హుడ్’ని దాటేసింది. దానికి ఆస్కార్ నామినేషన్ కూడా లేదు.

ఇక నాలాంటివాళ్లు చేసే పెద్ద పొరపాటు సంఘాల్ని లెక్కపెట్టడం. అమెరికాలో పెద్ద ఊళ్లు చాలావాటికి, రాష్ట్రాలకి విమర్శకుల సంఘాలున్నాయి. డిసెంబర్, జనవరిల్లో రోజుకొకటి ఫలితాలిస్తుంది. అవన్నీ ఒకే సినిమా పేరు చెబితే పాతిక సాక్ష్యాలు దొరికాయని అనిపిస్తుంది. నిజానికి వాళ్లందరూ అవే సినిమాలు, అవే వారాల్లో చూసి, ఒకరి రివ్యూలు ఒకరు చదువుకునేవాళ్లు. అది ఒకే సాక్షి పాతికసార్లు చెప్పినట్టు. 2010లో నేను పడింది సరిగ్గా ఈ గోతిలోనే.

అలాగని క్రిటిక్స్ ప్రైజులు పనికిరావని కాదు. వాటి అసలు పని వేరే చోట ఉంది. ఓటర్ల ముందు ప్రతి ఏడాదీ గుట్టలకొద్దీ సినిమాలుంటాయి, అన్నీ ఎవరూ చూడరు. ఏది ముందు చూడాలో చెప్పేది ఈ ప్రైజులు. మూడు గంటల నిడివి ఉన్న జపనీస్ సినిమా ‘డ్రైవ్ మై కార్’ ఉత్తమ చిత్రం, దర్శకుడు, అడాప్టెడ్ స్క్రీన్‌ప్లే నామినేషన్ల దాకా వెళ్లిందంటే ఆ మూడు సంఘాల చలవ లేదని నేననుకోను. అంతర్జాతీయ చిత్రం ఆస్కార్ గెలిచింది. ఉత్తమ చిత్రం మాత్రం ‘కోడా’కి పోయింది, ఎప్పటిలాగే నిర్మాతల గిల్డ్, నటుల గిల్డ్ రెండూ ముందే దానికిచ్చాయి.

ఆ తలుపు కూడా ప్రతిసారీ తెరుచుకోదు. శాలీ హాకిన్స్ ‘హ్యాపీ-గో-లక్కీ’కి, ఈథన్ హాక్ ‘ఫస్ట్ రిఫార్మ్‌డ్’కి, మొన్నమొన్న మరియాన్ జీన్-బాప్టిస్ట్ ‘హార్డ్ ట్రూత్స్’కి మూడు పెద్ద సంఘాల దగ్గరా గెలిచారు. ముగ్గురిలో ఒక్కరికీ ఆస్కార్ నామినేషన్ రాలేదు. నటుల్ని నామినేట్ చేసేది నటుల విభాగం మాత్రమే. చిన్న సినిమా, ప్రచారానికి డబ్బు లేదు, వాళ్లలో ఎక్కువమంది చూసి ఉండరు.

మనవాళ్ల విషయంలోనూ నేను ఇదే తప్పు చేశాను, కాకపోతే ఇష్టపడి చేశాను. 2022 డిసెంబర్‌లో న్యూయార్క్ సర్కిల్ ‘ఆర్‌ఆర్‌ఆర్’కి రాజమౌళిని ఉత్తమ దర్శకుడిగా ఎన్నుకుంది. లాస్ ఏంజెలెస్ వాళ్లు సంగీతం ప్రైజ్ కీరవాణికిచ్చారు. ఇక ఆగుతానా? ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు దర్శకుడి నామినేషన్ గడిలో రాజమౌళి పేరు రాసేశాను. దర్శకుల్ని నామినేట్ చేసేది దర్శకుల విభాగమేనని తెలిసీ రాశాను. ఆ సినిమాకి వచ్చింది ఒక్కటే నామినేషన్, ‘నాటు నాటు’ పాటకి. గోల్డెన్ గ్లోబ్, క్రిటిక్స్ చాయిస్ రెండూ అప్పటికే దాని చేతిలో ఉన్నాయి. ఆస్కార్ కూడా వచ్చింది. ఆ మార్కు మాత్రం మా అందరికీ వచ్చింది, కాబట్టి పోటీలో ఉపయోగపడలేదు, సంతోషానికి ఉపయోగపడింది.

గిల్డులే దేవుళ్లు అని కూడా అనుకోకండి. 2017లో నిర్మాతల, దర్శకుల గిల్డులు, బాఫ్టా అన్నీ ‘లా లా లాండ్’కే. మాలో ఎనిమిదిమంది అదే రాశారు. స్టేజి మీద ఆ పేరు చదవగానే ఎనిమిది గడుల్లో మార్కు వేశాను. రెండు నిమిషాలకి కవర్ తప్పని తేలింది, ‘మూన్‌లైట్’ అన్నారు, ఎనిమిది మార్కులూ కొట్టేయాల్సి వచ్చింది. ‘మూన్‌లైట్’ రాసిన ఒక్కణ్ణి ఎలా పట్టావురా అని అడిగితే రెండు కొండగుర్తులు చెప్పాడు: నటుల గిల్డ్ బృంద నటన నామినేషన్లలో ‘లా లా లాండ్’ లేదు, లాస్ ఏంజెలెస్‌తో పాటు నేషనల్ సొసైటీ కూడా ‘మూన్‌లైట్’నే ఎన్నుకుంది. అంటే అక్కడ క్రిటిక్స్ మాటే నెగ్గింది.

లాస్ ఏంజెలెస్ వాళ్లు కలిసిన ఆ 6లో 5 సార్లు 2015 నుంచి ఇటువే: ‘స్పాట్‌లైట్’, ‘మూన్‌లైట్’, ‘పారసైట్’, ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’, ‘అనోరా’. 2016 నుంచి అకాడమీ వేల మంది కొత్తవాళ్లని, ముఖ్యంగా ఇతర దేశాలవాళ్లని చేర్చుకుంది. ఓటర్ల అభిరుచి విమర్శకుల వైపు కొంచెం జరిగిందేమో. ఈ ఒక్క సంఘాన్ని మాత్రం నేను ఇప్పుడు కొట్టిపారేయను.

మీరు ఊహించాలనుకుంటే నేను చేసేది ఇది: డిసెంబర్‌లో క్రిటిక్స్ ఫలితాలతో ఓ పదిహేను పేర్ల జాబితా రాసుకుంటాను, విజేత గడి ఖాళీగా వదిలేస్తాను. నిర్మాతల గిల్డ్ వచ్చాకే అది నింపుతాను. నటీనటులకైతే నటుల గిల్డ్, దాంతోపాటు బాఫ్టా. ఈ రెండూ విడిపోతే నాకు టెన్షన్ మొదలవుతుంది. గ్లెన్ క్లోజ్‌కి నటుల గిల్డ్ ఇస్తే బాఫ్టా ఒలీవియా కోల్మన్‌కి ఇచ్చింది, ఆస్కార్ కోల్మన్‌కి. చాడ్విక్ బోస్‌మన్, ఆంథొనీ హాప్కిన్స్ విషయంలోనూ అంతే. ఇవన్నీ నా షీట్‌లో నా చేత్తో రాసుకున్నవే. అయినా 2025లో గోల్డెన్ గ్లోబ్, క్రిటిక్స్ చాయిస్, నటుల గిల్డ్ మూడూ గెలిచింది కదా అని డెమీ మూర్ పేరు రాశాను. బాఫ్టా మైకీ మాడిసన్‌కిచ్చింది, ఆస్కారూ ఆమెకే వచ్చింది. ఆ ఒక్క మార్కుతో చివరి స్థానం నాదైంది, షీట్ మళ్లీ నా దగ్గరికే వచ్చింది.