మడవ దగ్గర మట్టిముద్ద

చిరంజీవి మాధవికి,

ఆశీస్సులు. నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఇన్సులిన్ రిసెప్టర్ (కణం పైపొరలో ఉండి ఇన్సులిన్‌ను పట్టుకునే ప్రోటీన్) పనిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పాత్ర గురించి తెలుగులో రాయాలన్న నీ పట్టుదల నాకు చాలా నచ్చింది. షుగర్ మాత్రల పేర్లు, ఇన్సులిన్ యూనిట్ల లెక్క నోటికి వచ్చినవాళ్లు మన చుట్టూ ఎంతమందో. ఆ ఇన్సులిన్ కణం దగ్గరికి చేరాక ఏం జరుగుతుందో మాత్రం వాళ్లకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఆ పని నువ్వు నెత్తికెత్తుకున్నావు కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను.

మొదటి పేరా తీసెయ్. ఇన్సులిన్ తాళంచెవి, రిసెప్టర్ తాళం అని మొదలుపెట్టావు. చిన్నప్పటి నుంచి అందరం విన్న పోలికే, కానీ నీ విషయానికి అదే అడ్డం. తాళం తీస్తే తలుపు తెరుచుకుంటుంది, అంతటితో సరి. నీ కథ ఆ తర్వాతే మొదలవుతుంది. ఇన్సులిన్ బయట అతుక్కోగానే రిసెప్టర్ లోపలి భాగం టైరోసిన్లనే తన అమైనో ఆమ్లాల మీద తానే ఫాస్ఫేట్లు తగిలించుకుంటుంది. అవి నిలిస్తేనే కబురు కణం లోపలికి వెళుతుంది. ఆ ఫాస్ఫేట్లను పీకేసే ఎంజైములు కూడా కణంలో సిద్ధంగా ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది పీటీపీ-1బీ. తగిలించడం, పీకడం రెండూ ఒకేసారి నడుస్తుంటాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ వేలుపెట్టేది ఆ పీకే వైపు. తాళం పోలికలో దానికి చోటే లేదు.

మీది కాలవ కింద ఊరు అన్నావు కదా, పొలానికి నీళ్లు పెట్టడం చూసే ఉంటావు. బోదె నిండా నీళ్లు వస్తున్నా, మధ్యలో మడవ తెరిచి ఉంటే అవి పక్క మడిలోకి మళ్లిపోతాయి, చివరి మడికి అందవు. అప్పుడు మీ నాన్నగారు ఎక్కువ నీళ్లు కావాలని తూము దగ్గరికి పరుగెత్తరు. పారతో ఒక ముద్ద మట్టి తీసి మడవకు అడ్డం వేస్తారు. చివరి మడి తడిశాక అదే మట్టి తీసేస్తారు. తెరిచిన మడవ పీటీపీ-1బీ అనుకుంటే, హైడ్రోజన్ పెరాక్సైడ్ చేసేది ఆ మట్టిముద్ద పని. ఈ పోలికే వాడమని నేననను. తీసేయడానికి వీలుండాలన్న సంగతి మాత్రం నీ పోలికలో ఉండి తీరాలి.

ఎందుకంటే అసలు అందం అక్కడే ఉంది. పీటీపీ-1బీలో నాలుగు వందలకు పైగా అమైనో ఆమ్లాలున్నాయి. దాని పనికి ఆయువుపట్టు 215వ స్థానంలో ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లం, అందులోని ఒకే ఒక్క గంధకం పరమాణువు. ఇన్సులిన్ తగలగానే నాక్స్ అనే ఎంజైములు కొద్దిపాటి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను తయారుచేస్తాయి. దానిలోని ఒక ఆక్సిజన్ ఆ గంధకానికి అంటుకుంటుంది. అంతే, ఎంజైమ్ చేతులు కట్టేసినట్టవుతుంది. రిసెప్టర్ మీది ఫాస్ఫేట్లు నిలుస్తాయి, కబురు లోపలికి వెళుతుంది, చక్కెరను మోసే గ్లూట్-4 అనే ప్రోటీన్ కణం పైపొరకు వచ్చి చక్కెరను లోపలికి తెస్తుంది. ఆక్సిజన్ అంటుకున్న ఆ గంధకం పక్కనే ఉన్న నైట్రోజన్‌తో ముడిపడి చిన్న వలయంలా ముడుచుకోగలదని 2003లో తేలింది. అలా ముడుచుకున్నాక మరో ఆక్సిజన్ అంత తేలిగ్గా అంటుకోదు. తర్వాత కణంలోనే ఉండే గ్లూటాథయోన్ లాంటి పదార్థాలు వచ్చి ఆ ముడి విప్పుతాయి, ఎంజైమ్ మళ్లీ పనిలో పడుతుంది. పెరాక్సైడ్ మరీ ఎక్కువైతే గంధకానికి రెండు, మూడు ఆక్సిజన్లు పట్టేస్తాయి. ఇక వెనక్కి రావడం ఉండదు.

ఇంత ఉన్నచోట నువ్వు 'ఎంజైమును నిరోధిస్తుంది' అని ఒక్క మాటతో దాటేశావు. అలాంటి మాట కలం చివరికి వచ్చినప్పుడల్లా ఆగి, ఏ పరమాణువు, దానికి ఏమైంది, తిరిగి ఎలా మామూలైంది అని అడుగు. జవాబు దొరక్కపోతే మళ్లీ చదువు.

రెండో పేజీలో పెరాక్సైడ్‌ను 'విషపదార్థం' అన్నావు. నీకు తెలిసిన హైడ్రోజన్ పెరాక్సైడ్ గోధుమరంగు సీసాలో ఉండేది. మోకాలు గీరుకుపోతే దూదితో అద్దినప్పుడు బుసబుసమని నురగ వచ్చేది. ఆ నురగంతా ఆక్సిజనే. మన రక్తంలో, కణాల్లో ఉండే కాటలేజ్ ఆ పెరాక్సైడ్‌ను నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. నీ వ్యాసం ఆ నురగతో మొదలుపెట్టు. చూడగానే ఇలా విరగ్గొట్టే ఒళ్లు, ఇన్సులిన్ వచ్చినప్పుడు మాత్రం దాన్ని తానే ఎందుకు తయారుచేసుకుంటుంది? ఆ ప్రశ్న పడితే పాఠకుడు చివరిదాకా నీ వెంటే వస్తాడు.

చరిత్ర మొత్తం వదిలేశావు, అది లోటు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే కొవ్వు కణాలు ఇన్సులిన్ తగిలినట్టే ప్రవర్తిస్తాయని 1970లలోనే గమనించారు. ఇన్సులిన్ ఇస్తే ఎలుక కొవ్వు కణాలే పెరాక్సైడ్ తయారుచేస్తాయని 1979లో మే, డి హేన్ చూపించారు. అది పీటీపీ-1బీని తాత్కాలికంగా ఆపుతుందని మహదేవ్, గోల్డ్‌స్టీన్ బృందం 2001లో చూపించేసరికి ఇరవై ఏళ్లు దాటాయి. ఆ ఇరవై ఏళ్ల ఎదురుచూపు నీ వ్యాసంలో పాఠకుడికి తగలాలి.

సుబ్బారావు గారి గురించి మాత్రం రెండు పేరాలు రాశావు. రిసెప్టర్‌కు ఫాస్ఫేట్ ఇచ్చేది కణంలో శక్తిని మోసే ఏటీపీ అనే అణువు, దాన్ని 1929లో ఫిస్కేతో కలిసి వేరుచేసింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. నిజమే, నాకూ గర్వమే. ఒక వాక్యం చాలు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం ఒక వారపత్రికలో షుగర్, యాంటీ ఆక్సిడెంట్ల మీద వ్యాసం రాశాను. పెరాక్సైడ్ లాంటివన్నీ శత్రువులు, వాటిని అణిచే యాంటీ ఆక్సిడెంట్లు ఎంత ఉంటే అంత మంచిదన్నట్టు రాశాను. ఒక రిటైర్డ్ టీచరు గారు ఉత్తరం రాశారు, నా వ్యాసం చదివి పెన్షన్ డబ్బుతో నెలనెలా విటమిన్ మాత్రలు కొంటున్నారట. తర్వాత నేను చదవాల్సింది చదివాను. పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి ఎక్కువగా ఉండేలా చేసిన ఎలుకలు లావెక్కి, ఇన్సులిన్‌కు సరిగా స్పందించలేదని 2004లోనే వచ్చింది. అదే ఎంజైమ్ లేని ఎలుకలు కొవ్వు తిండి పెట్టినా తట్టుకున్నాయని 2009లో వచ్చింది. అదే ఏడు జర్మనీ పరిశోధకులు, వ్యాయామం చేసే యువకులు రోజూ 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ వేసుకుంటే, వ్యాయామం వల్ల ఇన్సులిన్ పనితీరులో రావాల్సిన మెరుగుదల రాలేదని చెప్పారు. తర్వాత కొందరి అధ్యయనాల్లో అలా కనిపించలేదు, అదీ రాయాలి. టీచరు గారికి సవరణ రాసి పంపాను. జవాబు రాలేదు. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అలాగని నువ్వు పెరాక్సైడ్‌ను ఆకాశానికి ఎత్తకు. ఎప్పుడూ ఎక్కువ మోతాదులో ఉంటే అదే ఇన్సులిన్ పనిని చెడగొడుతుందని 2006లో కణాల మీద, ఎలుకల మీద చేసిన పనిలో తేలింది. ఇన్సులిన్ వచ్చిన కాసేపటికి, పొర పక్కన, కొంచెం పుట్టడం వేరు. రోజంతా, కణమంతా నిండి ఉండడం వేరు. ఈ తేడా చెప్పడానికి చోటు చాలకపోతే మిగతాది తగ్గించు. ఎలుకల్లో తేలినదాన్ని ఎలుకల్లో అనే రాయి, ఏ మాత్రా వేసుకోమని గానీ మానమని గానీ రాయకు.

మీ నాన్నగారు ఇన్సులిన్ తీసుకుంటారన్నావు. రెండో డ్రాఫ్ట్ అయ్యాక ఆయన దగ్గర కూర్చుని పైకి చదివి వినిపించు. ఎక్కడ 'ఆగమ్మా, మళ్లీ చదువు' అన్నారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టి, ఆ గీతలతోనే నాకు పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు