చీకట్లో విరిగిన మంచును ఎలా చూశారు?

ప్రశ్న: అంటార్కిటికాలో 2017 జులైలో లార్సెన్-సి మంచు ఫలకం (నేల మీది మంచుకు కొనసాగింపుగా సముద్రంపై తేలే పలక) నుంచి పెద్ద ముక్క విరిగిందని చదివాను. జులై అంటే అక్కడ నడి చలికాలం, సూర్యుడే కనిపించడు. మరి ఉపగ్రహం ఫొటో ఎలా తీసింది? పైగా తేలే మంచు విరిగితే సముద్ర మట్టం పెరగదంటారు. అలాంటప్పుడు ఇంత టెన్షన్ ఎందుకు?
- ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: అది ఫొటో కాదమ్మా. ఆ మంచును గమనించిన ఐరోపా వాళ్ల సెంటినెల్-1 ఉపగ్రహాల్లో ఉన్నది రాడార్. అదే కిందికి మైక్రోవేవ్ తరంగాలు పంపి, మంచుకు తగిలి వెనక్కొచ్చినవాటిని పట్టుకుంటుంది. సూర్యుడి వెలుగుతో దానికి పనిలేదు, మేఘాలూ అడ్డం కావు. ఆ ఏడాది మే 25, 31 తేదీల మధ్య, ఆరే రోజుల్లో, లార్సెన్-సి మీది పగులు 17 కిలోమీటర్లు పెరిగిందని చెప్పగలిగింది ఈ రాడార్ చిత్రాలను పక్కపక్కన పెట్టి చూడబట్టే. జులైలో 5,800 చదరపు కిలోమీటర్ల ముక్క ఊడిపోయింది. దానికి ఏ-68 అని పేరు పెట్టారు. ఆక్వా అనే ఇంకో ఉపగ్రహం దాన్ని వేడిని బట్టి పసిగట్టింది. సముద్రపు నీరు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర ఉంటే, చుట్టూ మంచు అంతకంటే ఎంతో చల్లగా ఉంటుంది. అందుకే పగులులోని నీళ్లు వెచ్చటి గీతలా తేలాయి.

సెంటినెల్ చిత్రాలు ఎవరికైనా ఉచితం. నేనూ చాలాకాలంగా దింపుకుని చూస్తున్నాను. మొదట్లో ఒక వేసవి చిత్రంలో ఫలకం అంచున పెద్ద నల్లమచ్చ కనబడితే, మంచు పోయి నీళ్లు బయటపడ్డాయనుకున్నాను. గుండె జారిపోయింది. పన్నెండు రోజుల తర్వాతి చిత్రంలో అదే చోటు మళ్లీ తెల్లగా ఉంది. అంచు ఇసుమంత కూడా చెదరలేదు. జరిగిందల్లా పైపొర మంచు కాస్త కరిగి తడవడం, మళ్లీ గడ్డకట్టడం. తడి మంచు రాడార్ తరంగాలను మింగేస్తుంది, అందుకే నల్లగా కనిపిస్తుంది. అప్పట్నుంచి ఒక్క చిత్రం చూసి ఏదీ తేల్చను.

ఇక రెండోది. తేలే మంచు విరిగితే మట్టం దాదాపు పెరగదు, నిజమే. అప్పుడప్పుడు అంచు విరగడం ఫలకానికి సహజం కూడా. అసలు సంగతి ఫలకం వెనక ఉంది. నేల మీద నుంచి జారివచ్చే హిమానీనదానికి ఈ తేలే భాగమే అడ్డుకట్ట. 2002లో దగ్గర్లోని లార్సెన్-బి అనే ఇంకో ఫలకం నుంచి సుమారు 3,250 చదరపు కిలోమీటర్లు నెలరోజుల పైచిలుకులో ముక్కచెక్కలైంది. టెర్రా ఉపగ్రహ చిత్రాల్లో అది వారం వారం పొడి అయిపోతుంటే చూశారు. ఆ తర్వాత వెనకున్న హిమానీనదాలు కొన్ని రెట్లు వేగంగా సముద్రంలోకి జారాయి. అది నేల మీది మంచు. మట్టాన్ని పెంచేది అదే.

అందుకే నా దృష్టిలో, పెద్ద ముక్క విరిగిన వార్తకంటే, మంచు నేలను వదిలి తేలడం మొదలయ్యే గీత ఎక్కడుందన్నది ముఖ్యం. దాన్ని పట్టుకునే పద్ధతి నాకు ఎంతో ఇష్టం. ఆటుపోట్లతో తేలే మంచు పైకీ కిందికీ ఊగుతుంది, నేలకానిన మంచు ఊగదు. ఆ గీత తలుపు కీలు లాంటిది. వేర్వేరు రోజుల రాడార్ తరంగాలను పోల్చి రంగుల పటం గీస్తే, ఒక్కో రంగుచార సుమారు 2.8 సెంటీమీటర్ల కదలికకు గుర్తు. కీలు దగ్గర ఆ చారలు దువ్వెన పళ్లలా ఒత్తుగా చేరతాయి. 1992, 2011 మధ్య పశ్చిమ అంటార్కిటికాలోని పైన్ ఐలాండ్ హిమానీనదం నడుమ ఆ గీత 31 కిలోమీటర్లు లోపలికి జరిగిపోయింది. గోరువెచ్చటి సముద్రపు నీరు అడుగునుంచి మంచును కరిగించడం వల్ల జరిగిందది. మామూలు ఫొటోలో ఆ గీత ఇంత కచ్చితంగా దొరకదు.

మీరూ చూడాలనుకుంటే సెంటినెల్ చిత్రాలు దొరికే కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో లార్సెన్-సి తెరిచి, రెండు తేదీలు ఎంచుకోండి. రెండూ ఒకే కక్ష్య నుంచి తీసినవై ఉండాలి. చూసే కోణం మారితే, కదలని మంచు కూడా మారిపోయినట్టే కనిపిస్తుంది.