బ్రిటిష్ టీవీలో నటిస్తూ పాటలు కూడా రాసినవారిలో ఎవరిని మొదట చూడాలి?

నా సమాధానం విక్టోరియా వుడ్. మొదట ఆమె హాస్య ధారావాహిక ‘డిన్నర్‌లేడీస్’ చూడండి, పాటల సంగతి తరువాత.

మాంచెస్టర్ దగ్గర ఉద్యోగంలో చేరిన కొత్తలో తోటివాళ్ల యాస నాకు సగమే అర్థమయ్యేది. భోజన విరామంలో వాళ్లు అప్పజెప్పుకొని నవ్వే సంభాషణలు ఈ ధారావాహికలోవని తెలిసి చూడడం మొదలుపెట్టాను. మాంచెస్టర్‌లోని ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్ కథ ఇది. 1998 నుంచి 2000 వరకు 16 భాగాలు వచ్చాయి. రొట్టెలు కాలుస్తూ, బల్లలు తుడుస్తూ ఆడవాళ్లు మాట్లాడుకుంటూనే ఉంటారు, ఒకరి మాటను మరొకరు మధ్యలోనే అందుకుంటారు. రచన విక్టోరియాదే, ప్రధాన పాత్ర బ్రెన్ ఆమే, శీర్షిక సంగీతమూ ఆమెదే. ప్రతి భాగాన్నీ ప్రేక్షకుల ముందు రెండు రాత్రులు చిత్రీకరించేవారు. మొదటి రాత్రి పండని మాటలను ఆమె మర్నాటికి తిరగరాసి ఇచ్చేవారు. అంత కష్టపడి రాసిన చమత్కారాల్లో మంచివి జూలీ వాల్టర్స్ వంటి సహనటులకే పంచేశారు! ఆ ఔదార్యం నాకు ఆమె ప్రతిభకన్నా గొప్పగా తోస్తుంది.

1953లో ప్రెస్ట్‌విచ్‌లో పుట్టి, బరీ దగ్గర పెరిగిన విక్టోరియా బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో నాటకకళ చదివారు. 1974లో ‘న్యూ ఫేసెస్’ పోటీలో పియానో వాయిస్తూ సొంత పాటలతో టీవీకి పరిచయమైనా, అవకాశాలు వెంటనే రాలేదు. అసలైన పేరు 1985లో మొదలైన చిన్న చిన్న హాస్య నాటికల కార్యక్రమం ‘యాజ్ సీన్ ఆన్ టీవీ’తో వచ్చింది.

ఇక పాటల్లో ముందుగా వినవలసింది బారీ, ఫ్రీడాల పాట. సరసానికి తొందరపడే భార్య, సాకులు వెతుక్కునే భర్త, ఇంతే కథ. కానీ ఇంట్లో ఉండే మామూలు వస్తువులతోనే ప్రాస మీద ప్రాస పడుతుంటే ఊపిరి తిప్పుకోలేం. క్యాంటీన్ ఆడవాళ్ల మాటల్లోని లయే ఇక్కడ పియానో మీద పరుగెత్తుతుంది. అందుకే ఆమె నటననూ పాటనూ నేను విడదీసి చూడలేను.

హాస్యంతోనే ఆగిపోకండి. రెండో ప్రపంచయుద్ధ కాలపు గృహిణి నెల్లా లాస్ట్ డైరీల ఆధారంగా తానే రాసి నటించిన ‘హౌస్‌వైఫ్, 49’ 2006లో వచ్చింది. ఉత్తమ నటిగా ఆమెకు బ్రిటిష్ సినిమా, టీవీ పురస్కారమైన బాఫ్టా తెచ్చిపెట్టింది. 2016లో 62 ఏళ్లకే క్యాన్సర్‌తో వెళ్లిపోయారు, ఆ లోటు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

ఏది చూసినా సబ్‌టైటిళ్లు పెట్టుకోండి. మొదటి రెండు భాగాల్లో యాస అందకపోయినా ఆపేయకండి. ఎవరెవరో తెలిసిపోయాక మాటలు వాటంతట అవే అందుతాయి.